వేడి పిండి ఎవరి తప్పు?

పోయిన నెల మా హాస్టల్ రూమ్‌లో ఒక అరగంట పాటు చాలా సీరియస్ చర్చ జరిగింది. టాపిక్ ఏంటంటే, గేమ్ ఆడుతుంటే మా రూమ్మేట్ లాప్‌టాప్ 95 డిగ్రీలకి వెళ్తోంది, ఏం చెయ్యాలి? ఒకడు కూలింగ్ ప్యాడ్ కొనమన్నాడు. ఇంకొకడు థర్మల్ పేస్ట్ మార్చమన్నాడు. ఇంకొకడు కిటికీ దగ్గర కూర్చుని ఆడుకోమన్నాడు. నేను మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఎందుకంటే వేడి గురించి సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. పోయిన సంక్రాంతికి మా తాతయ్య పిండి మర మోటారు కాల్చేసింది నేనే.

ఆ సంగతే చెప్దామని ఇది రాస్తున్నా. నాది మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియం, కాబట్టి కొన్ని చోట్ల తెలుగు తడబడితే క్షమించండి. మర గురించి మాత్రం నాకు తెలిసిన మాటలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఫ్రిక్షన్ అనే మాట స్కూల్లో నేర్చుకోకముందే 'రాపిడి' అనే మాట తాతయ్య నోట విన్నాను.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు తెనాలి దగ్గర. అక్కడ తాతయ్యకి చిన్న మర ఉంది. మా వైపు 'మర ఆడించుకురా' అంటాం. తెలంగాణ ఫ్రెండ్స్ 'గిర్నీకి పోయి పట్టించుకొస్తా' అంటారు. ఎక్కడైనా సీన్ ఒకటే. బకెట్లు, స్టీలు డబ్బాలు వరసలో ఉంటాయి. మీద పేరు రాసిన చీటీ ఉంటుంది. పిండి రాగానే అందరూ చేసే పని కూడా ఒకటే, అందులో చెయ్యి పెట్టి 'అబ్బా, ఎంత వేడిగా ఉందో' అనడం. ఆ తర్వాత 'తూకం తగ్గింది' అనడం. చివరికి 'కొంచెం తొందరగా కానీయండి బాబాయి గారూ, బస్సు ఉంది' అనడం.

నా ఉద్దేశంలో ఈ మూడు మాటలూ ఒకే విషయం గురించి. మొదటి రెండూ ఫిర్యాదులు. మూడోది ఆ రెండింటికీ కారణం. ఇది నమ్మకంగా ఎందుకు చెప్తున్నానో వినండి.

సంక్రాంతికి మూడు రోజుల ముందు మర దగ్గర ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అరిసెలకి తడి బియ్యం ఆడించాలి. బియ్యం నానబెట్టి, నీళ్లు వాడ్చి, గుడ్డ మీద కాస్త ఆరబోసి, ఇంకా తడి ఉండగానే మరకి తెస్తారు. పిండిలో ఆ తడి నిలవాలి. తడి ఆరిపోతే పాకంలో పిండి సరిగ్గా కలవదు, చలిమిడి పొడిపొడిగా అవుతుంది, అరిసె నూనెలో విచ్చిపోతుంది. అందుకని తడి బియ్యం పొయ్యడానికి ముందు తాతయ్య మర ఆపేస్తాడు. రాయి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. చల్లారే దాకా బయట కూర్చుని పేపర్ చదువుతాడు. లైన్లో ఉన్నవాళ్లు ఎంత గొణిగినా లేవడు.

ఆ రోజు సాయంత్రం తాతయ్య భోజనానికి ఇంటికెళ్లాడు. మధ్యాహ్నం నుంచీ తినలేదు. 'నేను చూసుకుంటాలే' అన్నాను. సెలవుల్లో ఎప్పుడూ చూసేదే కదా అని ధీమా. అప్పటిదాకా వరసగా గోధుమలు ఆడాయి, రాయి బాగా కాలుతోంది. లైన్లో పదిహేను బకెట్లున్నాయి. ఒక అత్తయ్య గారు, కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడని, రెండు బకెట్ల తడి బియ్యంతో వచ్చి గంట నుంచి నిలబడ్డారు. నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే కొంచెం గొప్ప కూడా చూపించుకోవాలనిపించింది. తాతయ్య గంటలో చేసే పని నేను అరగంటలో చేస్తే ఎలా ఉంటుంది అని.

తొట్టి గేటు బాగా తెరిచాను. పిండి మెత్తగా రావాలని చక్రం ఇంకో చుట్టు బిగించాను. కాసేపు బాగానే వచ్చింది. తర్వాత కాలిన రాయికి తడి పిండి అట్టు కట్టినట్టు అంటుకోవడం మొదలైంది. మర గొంతు మారింది. గరగరమనేది కాస్తా మూలిగినట్టు వినిపించింది. స్టార్టర్ 'టక్' మని పడిపోయింది. మళ్లీ నొక్కాను. నాలుగు నిమిషాలకి మళ్లీ పడిపోయింది. అప్పుడు నేను చేసిన పని మన బ్రాంచ్ వాళ్లకి బాగా అర్థమవుతుంది. స్టార్టర్ మూత తీసి, ఓవర్‌లోడ్ రిలే మీదున్న చిన్న డయల్ పైకి తిప్పేశాను. అంటే ఎర్రర్ ఎందుకొస్తోందో చూడకుండా వార్నింగ్స్ ఆఫ్ చేశానన్నమాట. కోడ్‌లో అయితే రోజూ చేసేదే.

ఈసారి పడిపోలేదు. పది నిమిషాల తర్వాత వార్నిష్ కాలిన వాసన వచ్చింది. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు జన్మలో మర్చిపోరు. అప్పటికే మోటారు వైండింగ్ పోయింది.

మోటారు తెనాలి వెళ్లి, వైండింగ్ చేయించుకుని వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఏడాది మొత్తంలో మరకి బాగా డబ్బులొచ్చే రెండు రోజులు అవే. ఆ అత్తయ్య గారు భోగి నాడు ఒక గిన్నెలో విరిగిపోయిన అరిసెలు పట్టుకొచ్చి మర గట్టు మీద పెట్టారు. కోప్పడలేదు. 'మీ మనవడికి చూపించండి' అని మాత్రం అన్నారు. తాతయ్య కూడా తిట్టలేదు. ఒక్క మాటే అన్నాడు. 'ఒరేయ్ నాన్నా, మర రెండుసార్లు చెప్పిందిరా నీకు.'

ఆ మాట పట్టుకుని, కాలేజీకి తిరిగొచ్చాక కూర్చుని లెక్కలేశాను. అప్పుడుగానీ నేనేం చేశానో నాకు పూర్తిగా అర్థం కాలేదు.

తాతయ్య మోటారు పది హెచ్‌పీ. అంటే దాదాపు ఏడున్నర కిలోవాట్లు. అందులో ఐదున్నర కిలోవాట్లు రాళ్ల దాకా చేరుతున్నాయి అనుకుందాం. గింజని పగలగొట్టి కొత్త ముఖాలు తయారుచెయ్యడానికి నిజంగా ఖర్చయ్యేది అందులో చాలా చిన్న వంతు. మిగతాదంతా రాపిడిలో వేడే. అంటే ఐదారు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసి, రెండు రాళ్ల మధ్య ఉన్న ఆ సన్నటి సందులో పెట్టినట్టు. గంట సేపు అలా నడిస్తే దాదాపు 20 మెగాజౌళ్లు. గంటకి 150 కేజీల గోధుమలు ఆడతాయి అనుకోండి. ఒక కేజీ గోధుమలు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 1.8 కిలోజౌళ్లు చాలు. లెక్కేస్తే 70 డిగ్రీల పైనే వస్తుంది. అంటే వేడి మొత్తం పిండిలోకే పోతే, 35 డిగ్రీల దగ్గర లోపలికెళ్లిన గింజ నీళ్లు మరిగే వేడితో బయటికి రావాలి.

అలా రావడం లేదంటే మిగతా వేడి ఎక్కడికో పోతోంది. కొంత రాయి తాగుతుంది, కొంత గాలి పట్టుకుపోతుంది. ఇంకో ముఖ్యమైన వాటా గింజలో ఉన్న నీటిని ఆవిరి చెయ్యడానికి పోతుంది. కేజీ నీళ్లు ఆవిరవ్వాలంటే సుమారు 2.4 మెగాజౌళ్లు కావాలి. ఆ 150 కేజీల్లో రెండు కేజీల నీళ్లు ఆవిరయ్యాయి అనుకుంటే, ఐదు మెగాజౌళ్లు అక్కడే పోయాయి. ఇప్పుడు దాన్నే మీ పది కేజీల డబ్బాకి లెక్కేసుకోండి, వంద గ్రాముల పైనే తగ్గుతుంది. తూకం తగ్గిందని మనం అనుమానంగా చూసే ఆ మర ఆయన అందులోంచి ఏమీ తియ్యలేదు. వేడి తీసుకుంది. ఎంత వేడిగా ఆడిస్తే అంత ఎక్కువ తీసుకుంటుంది. తాతయ్య నలభై ఏళ్లుగా ఈ మాట పడుతున్నాడు. నాకు తెలిసి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. నేను మాత్రం చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మర చల్లగా ఉండాలంటే ఏం చెయ్యాలి? నాకు మొదట తట్టిన సమాధానం మీకూ తట్టే ఉంటుంది, ఫ్యాన్ పెట్టడం. నేను పెట్టాను కూడా. ఇంట్లో ఉన్న పెద్ద పెడెస్టల్ ఫ్యాన్ తెచ్చి పిండి పడే చోట పెట్టాను. ఐదు నిమిషాల్లో నేను, గోడ మీద వెంకటేశ్వర స్వామి క్యాలెండరు, వీధిలో నిలబెట్టిన బైకులు, అన్నీ తెల్లగా అయిపోయాం. అప్పుడు నవ్వొచ్చింది కానీ అది నవ్వాల్సిన విషయం కాదు. గాల్లో లేచిన పిండి మందుగుండుతో సమానం. అమెరికాలో మినియాపోలిస్‌లో వాష్‌బర్న్ 'ఏ' మిల్లు అని అప్పట్లో చాలా పెద్ద పిండి మిల్లు ఉండేది. 1878 మే 2న అది పేలిపోయి 18 మంది చనిపోయారు. మధ్యలో గింజ లేకుండా ఉత్తగా తిరిగిన రాళ్లు రాసుకుని నిప్పురవ్వ పుట్టిందని, అది గాల్లో ఉన్న పిండికి అంటుకుందని తేల్చారు. తొట్టి ఖాళీ అవుతుంటే తాతయ్య పరిగెత్తుకొచ్చి ఎందుకు ఓ గుప్పెడు గింజలు వేస్తాడో నాకు ఆ కథ చదివాక తెలిసింది. 'రాయీ రాయీ మాట్లాడుకోకూడదు' అంటాడు తాతయ్య. యూరప్‌లో పాతకాలం మరల్లో దీనికోసం ఒక గంట ఉండేదట. తొట్టిలో గింజ బరువు తగ్గగానే గంట దానంతటదే మోగేది. వందల ఏళ్ల కిందటి ఇంటరప్ట్ అన్నమాట.

ఫ్యాన్ ఫెయిల్ అయ్యాక నాకు అర్థమైంది ఏంటంటే, వేడి పుట్టాక దాని వెంట పడటం కంటే పుట్టకుండా చూసుకోవడమే అసలు పని. తాతయ్య చేసేవన్నీ దాదాపు అలాంటివే. అరిగి నున్నబడిన రాయి గింజని కొయ్యదు, రుద్దుతుంది. రుద్దితే వేడి. అందుకే రాయికి ఎప్పటికప్పుడు గాట్లు కొట్టాలి. తాతయ్య సుత్తి, ఉలి పట్టుకుని సగం రోజు కూర్చుని ఆ పని చేస్తాడు. ఆ సగం రోజూ మర మూసే ఉంటుంది, ఆదాయం సున్నా. మెత్తటి పిండి కావాలంటే చక్రం ఒక్కసారే బిగించెయ్యడు. మొదట బరకగా ఆడించి, రెండోసారి మెత్తగా ఆడిస్తాడు. పిండి పడే గొట్టానికి గుడ్డ సంచి కడతాడు. పిండి కిందకి పడుతుంటే వేడి గాలి, ఆవిరి గుడ్డలోంచి బయటికి పోతాయి. అదే ఆయన ఎగ్జాస్ట్. కారం మాత్రం పొద్దున్నే ఆడతాడు, రాయి చల్లగా ఉన్నప్పుడు. మిరపకాయ వాసనలో కొంత భాగం వేడికి ఎగిరిపోయేదే కాబట్టి. మధ్యాహ్నం మర దగ్గర మీకు కళ్లు మండి తుమ్ములొస్తున్నాయంటే, మీ కూరలోకి రావాల్సింది మీ ముక్కులోకి వస్తోందని అర్థం. మసాలాల్లో ఈ సమస్య ఎంత పెద్దదంటే, పెద్ద కంపెనీలు కొన్ని మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ పోసి మరీ దంచుతాయి.

పెద్ద మిల్లులు కూడా ఇదే పాఠం వేరే రకంగా నేర్చుకున్నాయి. గోధుమ రోలర్ మిల్లుల్లో గింజని ఒక్కసారే నలపరు. ఒక జత రోలర్ల తర్వాత ఇంకో జత, కొంచెం కొంచెంగా విడదీస్తారు. కొన్నిచోట్ల రోలర్ల లోపల నీళ్లు తిప్పుతారు. పిండిని గాలితో గొట్టాల్లో పైకి పీల్చేటప్పుడు అదే గాలి దాన్ని చల్లారుస్తుంది. రైస్ మిల్లులో పాలిష్ కూడా ఒకే మెషిన్ మీద గట్టిగా కాకుండా రెండు మూడు మెషిన్ల మీద పంచుతారు, మధ్యలోంచి గాలి లాగుతారు. లేకపోతే బియ్యం వేడెక్కి పగిలిపోయి నూక అవుతుంది. నూకకి రేటు లేదు.

ఇది చదువుతుంటే నాకు 2004 గుర్తొచ్చింది. అంటే నేను అప్పటికి పుట్టలేదనుకోండి, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ క్లాసులో విన్నది. ప్రాసెసర్ స్పీడు ఏటా పెంచుకుంటూ పోయిన ఇంటెల్ ఆ ఏడాది 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 ఆలోచన మానేసింది. ముఖ్యమైన అడ్డంకి వేడే. ఆ తర్వాత ఒకే కోర్‌ని ఇంకా వేగంగా పరిగెత్తించడం బదులు పనిని నాలుగు కోర్లకి పంచడం మొదలైంది. రైస్ మిల్లు వాళ్లూ పనిని అలాగే పంచుకున్నారు. పైగా మన ప్రాసెసర్‌కి ఒక తెలివి ఉంది. మరీ వేడెక్కితే తనంతట తనే నెమ్మదిస్తుంది. మరకి ఆ తెలివి లేదు. నడిపే మనిషికే ఉండాలి. ఆ మనిషిని మనం లైన్లో నిలబడి 'తొందరగా' అంటున్నాం.

ఇక్కడ మా రూమ్మేట్ అడ్డొచ్చాడు. వాడి ప్రశ్న న్యాయమైందే కాబట్టి రాస్తున్నా. 'ఒరేయ్, ఎలాగూ ఆ పిండితో రొట్టె చేసి పెనం మీద 200 డిగ్రీల్లో కాలుస్తాం. పిండి 60 డిగ్రీల్లో వస్తే కొంపలేం మునుగుతాయి?' అన్నాడు. వాడన్నదాంట్లో సగం నిజం. వేడి పిండిలో పోషకాలన్నీ చచ్చిపోతాయని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. రాతి మర గోధుమపిండి రొట్టె మెత్తగా రావడానికి కూడా కొంత కారణం ఆ నలుగుడే. స్టార్చ్ గింజలు దెబ్బతింటే పిండి ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. కానీ వాడు మర్చిపోయింది టైమ్. రొట్టె పెనం మీద రెండు నిమిషాలుంటుంది, పది నిమిషాల్లో తినేస్తాం. వేడి పిండి మూత పెట్టిన డబ్బాలో నెల ఉంటుంది. ఆవిరి మూతకి తగిలి నీరై, పిండి గడ్డ కడుతుంది, ముక్క వాసనొస్తుంది, పురుగు పడుతుంది. గింజలో ఉన్న నూనె పిండయ్యాక గాలికి బయటపడుతుంది, వేడి దాన్ని ఇంకా తొందరగా పాడుచేస్తుంది. సజ్జపిండి కొన్ని రోజులకే చేదెక్కడం మీ ఇంట్లో చూసే ఉంటారు. ఇక అరిసెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గిన్నెడు సాక్ష్యం నా దగ్గరుంది.

మోటారు సంగతి కూడా ఒక మాట. ఊళ్లో సాయంత్రం వోల్టేజీ తగ్గుతుంది. రాయిని తిప్పే పని తగ్గదు కాబట్టి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగ్‌లో వేడి 44 శాతం పెరుగుతుంది, వర్గం కదా. రిలే డయల్ తిప్పకముందు నేను ఈ ఒక్క లెక్క వేసుంటే చాలు. ఇంటర్‌లో ఈ ఫార్ములాకి నాకు ఫుల్ మార్కులొచ్చాయి. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

వేసవి సెలవుల్లో ప్రాయశ్చిత్తంగా ఒక పని చేశాను. పిండి పడే గొట్టం దగ్గర ఒకటి, రెండు బేరింగుల మీద చెరొకటి టెంపరేచర్ సెన్సర్లు పెట్టి, చిన్న బోర్డుకి కలిపి, ఫోన్‌లో గ్రాఫ్ వచ్చేలా చేశాను. గొట్టం దగ్గర సెన్సర్ ఘోరంగా ఓడిపోయింది. గ్రాఫ్ పైకి లేవడానికి చాలాముందే తాతయ్య శబ్దం విని గేటు తగ్గించేసేవాడు. రాయి నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతకంటే నెమ్మదిగా చల్లారుతుంది. గ్రాఫ్ చెప్పేసరికి ఆలస్యమైపోయినట్టే. కానీ 'పెద్దవాళ్ల అనుభవం ముందు టెక్నాలజీ ఎందుకూ పనికిరాదు' అనే సినిమా క్లైమాక్స్ నేను రాయను. ఎందుకంటే అవతలి వైపు బేరింగ్ విషయంలో సెన్సరే గెలిచింది. గార్డు వెనక ఉండే ఆ బేరింగ్ తాతయ్య చేతికి అందదు. అది మిగతాదానికంటే ఎక్కువ కాలుతోందని గ్రాఫ్‌లో తెలిసింది. కారణం గ్రీజు తక్కువై కాదు, ఎక్కువై. అందదు కదా అని తాతయ్య పెట్టినప్పుడల్లా దండిగా కూరేవాడు. గ్రీజు మరీ నిండిపోతే లోపల బాల్స్ దాన్ని చిలుకుతూ తిరగాలి, ఆ చిలకడమే వేడి. కొంచెం తీసేశాం, తగ్గింది. తాతయ్య ఫోన్‌లో గీత దిగడం చూసి, 'ఇది మాత్రం నాకు తెలీదురా' అన్నాడు. ఆ మాటకి నాకు సెమిస్టర్ మార్కుల కంటే ఎక్కువ సంతోషం వేసింది.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వేడి పిండి తప్పు మర ఆయనది కాదు, మరది అసలే కాదు. ఎక్కువ భాగం మన తొందరది. చల్లగా ఆడించడం ఎలాగో ఆయనకి తెలుసు. అలా ఆడిస్తే గంటకి తక్కువ బకెట్లు అవుతాయి, ఆయనకొచ్చేది కేజీ లెక్కన. రాయి చల్లారే దాకా ఆగితే ఆ ఆగిన టైమ్‌కి ఎవరూ డబ్బులివ్వరు. గాట్లు కొట్టిన సగం రోజుకీ ఎవరూ ఇవ్వరు. అంటే మనకి మంచి పిండి వచ్చేలా చేసే పనులన్నీ ఆయన సొంత ఖర్చుతో చేస్తున్నాడు, పైగా దొంగ తూకం అనే మాట పడుతున్నాడు. మనమేమో చల్లగా ఆడించామని ప్యాకెట్ మీద రాస్తే రెట్టింపు రేటు పెట్టి కొంటాం. అదే మాట ఊళ్లో మర ఆయన చెప్తే 'సాకులు చెప్తున్నాడు' అంటాం. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

అందుకని సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మర దగ్గరికి మీరే వెళ్లండి, అమ్మని పంపకండి. డబ్బా ఇచ్చి, 'నిదానంగా ఆడించండి, సాయంత్రం వచ్చి తీసుకుంటాను' అని చెప్పండి. కేజీకి రెండు రూపాయలు ఎక్కువడిగితే ఇవ్వండి. మన టీ ఖర్చంత కూడా కాదు. ఇంటికి తెచ్చాక మూత తీసి, వెడల్పు పళ్లెంలో పోసి, చల్లారాక డబ్బాలో పొయ్యండి. నూటికి ఓ గ్రామో రెండో తగ్గితే ఆయన్ని అలా చూడకండి.

ఇంకో మాట మన బ్రాంచ్ వాళ్లకి. ప్రతి మినీ ప్రాజెక్ట్ రివ్యూలో చెత్తబుట్ట దానంతటదే మూత తెరుచుకోవడం చూసి చూసి విసుగొచ్చింది. మీ ఊళ్లో మర ఉంటుంది, రైస్ మిల్లు ఉంటుంది, నూనె గానుగ ఉంటుంది. వాటి ముందు నిలబడి చెవితో, చేత్తో వేడిని కనిపెట్టే ఒక పెద్దాయన ఉంటాడు. మా తాతయ్యకి డెబ్బై రెండేళ్లు. ఆయన విని గేటు తగ్గించే ఆ శబ్దం ఏంటో నేను ఇంకా పట్టుకోలేదు. ఈ దసరా సెలవుల్లో ఒక మైకు పెట్టి మర గొంతు రికార్డ్ చేద్దామనుకుంటున్నా. ఆయన గేటు మీద చెయ్యి వేసిన ప్రతిసారీ టైమ్ రాసుకుంటాను. ఎవరైనా వస్తానంటే రండి, అమ్మమ్మ భోజనం పెడుతుంది. పని మాత్రం నిదానంగా చెయ్యాలి.

ఆ అత్తయ్య గారు వచ్చే సంక్రాంతికి మళ్లీ మా మరకే వస్తానన్నారట. ఒక్క షరతు పెట్టారు. తాతయ్య భోజనం చేసొచ్చాకే బియ్యం దింపుతారట.